తంత్రీనాద తపస్వి - మాండలిన్ శ్రీనివాస్

పాఠ్యభాగ నేపథ్యం

ఒక జాతి సంగీతం తన వాద్యాలను తానే సృష్టించుకొంటుంది. ఒక్కొక్కప్పుడు పరాయి దేశాల నుంచి వచ్చిన వాద్యాన్ని ఆదరించి, తన భాషను దానికి నేర్పుతుంది. ఇటలీలో పుట్టిన మాండలిన్ వాద్యానికి కర్ణాటక సంగీతాన్ని నేర్పి, దానితోనే పాశ్చాత్య గిటారు విద్వాంసుల సరసన ప్రపంచ వేదికలపై నిలిచిన తెలుగువాడు ఉప్పలపు శ్రీనివాస్. ఆయన జీవితాన్ని, కళాసాధనను పరిచయం చేయడం, తంత్రీవాద్యాల స్వరూపంపై విద్యార్థులకు అవగాహన కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

భారతీయులు సంగీతాన్ని నాదోపాసనగా భావించారు. మన వాద్యాలను తత, సుషిర, అవనద్ధ, ఘన వాద్యాలని నాలుగు విధాలుగా విభజించారు. తీగలు గలవి తత వాద్యాలు. గాలి ఊది పలికించేవి సుషిర వాద్యాలు. చర్మంతో మూసినవి అవనద్ధ వాద్యాలు. లోహంతోనో మట్టితోనో చేసి, కొట్టి పలికించేవి ఘన వాద్యాలు. ఈ విభజనలో ఏ వాద్యం ఏ దేశంలో పుట్టిందన్న ప్రశ్న లేదు. నాదం ఎలా పుడుతున్నదన్నదే ప్రధానం. బహుశా అందువల్లనే మన సంగీతం పరదేశ వాద్యాలను స్వీకరించడానికి వెనుదీయలేదు.

దీనికి వయొలిన్ ఉత్తమ ఉదాహరణం. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడైన బాలుస్వామి దీక్షితులు ఈ ఐరోపా వాద్యాన్ని నేర్చి, కర్ణాటక సంగీతానికి అనువుగా మలచినట్లు సంగీత చరిత్ర చెబుతున్నది. ఆ పిమ్మట ఉత్తరాంధ్రలో విజయనగరం సంగీత కళాశాల కేంద్రంగా ద్వారం వేంకటస్వామి నాయుడు (1893-1964) వయొలిన్‌ను పక్కవాద్యం స్థాయి నుంచి ప్రధాన వాద్యం స్థాయికి తీసుకొని వచ్చారు. నేడు వయొలిన్ లేని కర్ణాటక సంగీత సభను ఊహించడం కష్టం. అది పరాయి వాద్యమన్న స్పృహ కూడా శ్రోతలకు కలగదు.

అయితే వయొలిన్‌కు లభించిన సౌలభ్యం మాండలిన్‌కు లేదు. వయొలిన్‌కు మెట్లు ఉండవు. వేలు తీగ మీద జారుతూ ఏ స్వరాన్నైనా, రెండు స్వరాల మధ్య ఉండే ఏ సూక్ష్మస్థానాన్నైనా అందుకోగలదు. కమాను లాగుతున్నంతసేపూ నాదం కొనసాగుతుంది. మాండలిన్‌కు మెట్లున్నాయి. ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు స్వరం గంతులు వేస్తుంది. పైగా మీటిన వెంటనే నాదం అణగిపోతుంది. మామూలు మాండలిన్‌లో ఎనిమిది తీగలు జంటలు జంటలుగా నాలుగు వరుసల్లో అమరి ఉంటాయి. సినిమా వాద్యబృందాల్లో వడివడిగా సాగే మధురమైన బిట్లు వాయించడానికి అది చక్కగా పనికివచ్చింది. కాని కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరాన్ని ఊపి, కదిపి, జార్చి, పొరుగు స్వరాల ఛాయలను దానిలో చూపడమే గమకం. గమకం లేని తోడి తోడి కాదు. గమకం లేని భైరవి భైరవి కాదు. ఇట్టి గమకాన్ని మాండలిన్ ఎలా పలకగలదన్నది పండితుల సందేహం. ఆ సందేహం నిరాధారమైనది కాదు.

తీగ - బిగింపు

ఈ సందేహానికి సమాధానం తీగ స్వభావంలోనే ఉంది. తీగ ఎంత బిగిస్తే స్థాయి అంత పెరుగుతుంది. ఎంత సడలిస్తే అంత తగ్గుతుంది. ఈ సూత్రాన్ని గ్రహించడానికి శాస్త్రగ్రంథాలే అక్కరలేదు. శ్రీకాకుళం జిల్లాలో జముకుల కథ విన్నవారు దానిని చెవులారా ఎరుగుదురు. జముకు అనేది ఒకవైపు చర్మంతో మూసిన, కుంచం వంటి ఆకారం గల వాద్యం. ఆ చర్మం నడుమ నుంచి ఒకే ఒక తీగ బయలుదేరుతుంది. కళాకారుడు వాద్యాన్ని చంకలో ఇరికించుకొని, తీగ కొసను ఒక చేత పట్టి, మరొక చేత మీటుతాడు. పట్టు బిగిస్తే ధ్వని పైకి లేస్తుంది. వదిలితే కిందికి దిగుతుంది. ఆ ఒంటి తీగకు మెట్లు లేవు, స్వరస్థానాల గుర్తులు లేవు. అయినా కథకుని గొంతులోని ఆవేశాన్ని, శోకాన్ని అది వెన్నంటి పోగలదు. పలాస, టెక్కలి ప్రాంతాల్లోను, కొబ్బరి, జీడిమామిడి తోటలతో నిండిన ఉద్దానం తీరంలోను ఈ కళకు ప్రజాదరణ ఉండేది. 1960లలో బొడ్డపాడు గ్రామంలో నివసించిన కవి సుబ్బారావు పాణిగ్రాహి రైతుల కష్టసుఖాలను చెప్పడానికి ఈ కళారూపాన్నే ఆశ్రయించాడు. నిరుపేద కళాకారుని చంకలోని జముకు, సంపన్న నగరాల వేదికపై మోగే గిటారు ఒకే సూత్రం మీద ఆధారపడి ఉన్నాయి. రాక్ బృందంలో ప్రధాన గిటారు వాయించే కళాకారుడు తీగను మెట్టు మీద నొక్కిపెట్టి పక్కకు లాగి స్వరాన్ని పైకి ఎత్తుతాడు. వీణ వాయించే విద్వాంసుడు చేసే పనీ అదే.

అంటే మెట్లున్న వాద్యం మీద గమకం అసాధ్యం కాదు. తీగ లాగడానికి వీలుండాలి. లాగినంతసేపు నాదం నిలవాలి. ఈ రెండు షరతులను మాండలిన్ చేత నెరవేర్పించినవాడు శ్రీనివాస్.

బాల్యం - విద్యాభ్యాసం

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను ఆరేళ్ల ప్రాయంలో చేతబట్టిన శ్రీనివాస్ తనంత తాను మీటసాగాడు. కుమారుని అభిరుచిని గమనించిన తండ్రి అతనికి కొత్త మాండలిన్ కొనియిచ్చాడు. వాసూరావు అనే గిటారు కళాకారుడు ఆ బాలునికి పాశ్చాత్య సంగీతాన్ని పరిచయం చేశాడు. ఈ విధంగా శ్రీనివాస్ చెవికి తొలినాళ్లలోనే రెండు సంగీతాలూ సోకాయి.

సత్యనారాయణకు గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఈ బాలునిలోని ప్రతిభను గుర్తించి శిష్యునిగా స్వీకరించారు. సుబ్బరాజు సుప్రసిద్ధ గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఇక్కడ ఒక విశేషాన్ని విద్యార్థులు గమనించాలి. గురువుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన కీర్తనను పాడేవారు. శిష్యుడు విని, దానిని వాద్యం మీద వెతికి పట్టుకొనేవాడు. ఏ వేలు ఏ మెట్టు మీద ఉంచాలో, ఏ తీగను ఎంత లాగాలో చెప్పేవారు ఎవరూ లేరు. సాధారణంగా దీనిని లోపంగా ఎంచుతారు. శ్రీనివాస్ విషయంలో అదే వరమయింది. వాద్యానికి సులువైన దారి ఏదో చూపే గురువు లేనందువల్ల, గాత్రానికి సహజమైన దారి ఏదో అదే అతనికి ఆదర్శమయింది. కీర్తనలో పదం ఎక్కడ విరుగుతుందో, ఏ అక్షరం సాగుతుందో, ఏ చోట ఊపిరి ఆగుతుందో అన్నీ అతని మీటులో చోటు చేసుకొన్నాయి. వాద్యానికి మాటలు రావు. అయినా అతడు త్యాగరాజ కీర్తన వాయిస్తుంటే తెలిసినవారికి తెలుగు మాటలు వినిపించడానికి కారణం ఈ గాత్ర సంప్రదాయమే.

1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవంలో అతని తొలి కచేరీ జరిగింది. అప్పటికి వయసు తొమ్మిదేళ్లు. కుటుంబం మద్రాసుకు తరలివెళ్లింది. 1981లో అక్కడి ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై జరిగిన కచేరీ ఈ బాలవిద్వాంసుణ్ని మహానగర రసికులకు పరిచయం చేసింది. పరాయి వాద్యమని పెదవి విరిచినవారు లేకపోలేదు. ఆ విమర్శకు అతడు మాటలతో బదులు చెప్పలేదు. రాగాలాపన, కీర్తన, నెరవు, స్వరకల్పన అనే కచేరీ అంగాలన్నింటినీ నిండుగా వాయించి చూపాడు. అనతికాలంలోనే మాండలిన్ అన్న మాట అతని పేరులో భాగమై, ఇంటిపేరును మరిపించింది.

వాద్య సంస్కరణ

శ్రీనివాస్ సాధించిన విజయంలో వేళ్ల వేగం పాలెంతో, వాద్య సంస్కరణ పాలు కూడా అంతే. జంట తీగలను ఒకేసారి సమానంగా లాగడం కష్టం. ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ లాగినట్లయితే శ్రుతి చెడుతుంది. అందువల్ల ఆయన జంట తీగలను తొలగించి ఒంటి తీగలను అమర్చారు. నాలుగు జంటలకు బదులు ఐదు తీగల మాండలిన్ ఆవిధంగా రూపొందింది. ఒంటి తీగ వేలికి లొంగింది. గమకానికి దారి ఏర్పడింది.

ఇక నాదం నిలవడానికి ఆయన విద్యుత్ మాండలిన్‌ను ఎన్నుకొన్నారు. విద్యుత్ గిటారులో ఏ సూత్రముందో ఇందులోను అదే ఉంది. ఉక్కు తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగచుట్ట ఉంటాయి. తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రంలో మార్పు కలిగి, తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తును యాంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకరుకు అందిస్తుంది. వినికిడికి అందకుండా అణగిపోయే చివరి కంపనం కూడా ఇందువల్ల స్పష్టంగా వినబడుతుంది. రాక్ సంగీతకారులు ఈ సౌకర్యాన్ని తరచుగా ధ్వని తీవ్రతకు, గర్జనకు వినియోగించారు. శ్రీనివాస్ దానినే సూక్ష్మతకు వినియోగించారు. మెల్లగా మీటి, తీగను నిదానంగా లాగి, చివరి గమకం శ్రోతను చేరేవరకు నాదాన్ని నిలిపారు. సాధనం ఒక్కటే అయినా ప్రయోజనం వాడేవాని సంస్కారాన్ని బట్టి మారుతుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

విశ్వవేదిక

1983లో పశ్చిమ బెర్లిన్‌లో జరిగిన జాజ్ సంగీతోత్సవంలో శ్రీనివాస్ వాయించాడు. అప్పటికి అతని వయసు పద్నాలుగేళ్లు. జాజ్ అమెరికాలోని నల్లజాతి ప్రజల జీవితంలో నుంచి పుట్టిన సంగీతం. అందులో వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పన చేస్తాడు. మన సంగీతంలోని మనోధర్మం అటువంటిదే. భేదమల్లా ఆధారంలో ఉంది. జాజ్ కళాకారుడు సాధారణంగా వరుసగా మారే స్వరసముదాయాలను ఆధారం చేసుకొని కల్పన చేస్తాడు. కర్ణాటక విద్వాంసుడు రాగాన్ని, తాళాన్ని ఆధారం చేసుకొంటాడు. కల్పనను ప్రాణంగా ఎంచే ఆ శ్రోతలకు ఈ బాలుని మనోధర్మం పరాయిదిగా తోచలేదు. 1992లో బార్సిలోనా ఒలింపిక్ క్రీడల సందర్భంగా జరిగిన కళోత్సవంలోను ఆయన పాల్గొన్నారు. 1995లో కెనడాకు చెందిన గిటారు కళాకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అనే ఆల్బమ్‌ను వెలువరించారు.

ఆయన కళాజీవితంలో మరొక ప్రధాన ఘట్టం ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరడం. ఈ బృందానికి ఒక పూర్వకథ ఉంది. ఇంగ్లండులో 1942లో జన్మించిన జాన్ మెక్‌లాఫ్లిన్ జాజ్, రాక్ సంగీతాల్లో గిటారు విద్వాంసునిగా పేరు గడించారు. 1970ల తొలినాళ్లలో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ అనే బృందాన్ని నడిపారు. ఆ బృందం విద్యుత్ గిటారు హోరుతో సాగింది. ఆయన భారతీయ సంగీతం వైపు మళ్లి, ఎస్. రామనాథన్ వద్ద వీణ అభ్యసించారు. వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్, ఘటం విద్వాంసుడు విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి ‘శక్తి’ బృందాన్ని స్థాపించారు. గమకాలు పలకడానికి వీలుగా తన గిటారు మెట్ల నడుమ చెక్కను గుల్లగా తొలిపించుకొన్నారు. అనునాదానికి అదనపు తీగలు అమర్చుకొన్నారు. కొద్ది సంవత్సరాలకే ఆ బృందం ఆగిపోయింది. 1990ల చివర అది ‘రిమెంబర్ శక్తి’ పేరుతో పునర్జన్మించినప్పుడు వయొలిన్ స్థానంలో మాండలిన్‌తో శ్రీనివాస్ ప్రవేశించారు. 2000లో ‘ది బిలీవర్’, 2001లో ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ అనే ఆల్బమ్‌లు వెలువడ్డాయి. కంజిర విద్వాంసుడు సెల్వగణేశ్, గాయకుడు శంకర్ మహదేవన్ కూడా ఈ బృందంలో పాలుపంచుకొన్నారు.

రాక్ బృందంలో ప్రధాన గిటారు, సహాయక గిటారు అనే భేదం ఉంటుంది. సహాయక గిటారు లయను, స్వరసముదాయాన్ని అందిస్తుంది. ప్రధాన గిటారు రాగాన్ని నడిపి, పాట మధ్యలో ఒంటరిగా తన నేర్పును ప్రదర్శిస్తుంది. ‘రిమెంబర్ శక్తి’లో గిటారు, మాండలిన్ రెండూ ప్రధాన వాద్యాలే. ఒకరు ఒక పలుకు మీటితే మరొకరు దానికి బదులు పలికేవారు. క్రమంగా పలుకులు పొట్టివై, చివరకు మాటకు మాటగా, మీటుకు మీటుగా సాగి, ఇద్దరూ ఒక్కటై ముగించేవారు. మన కచేరీల్లో గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు చేసే స్వరకల్పన వినిమయం కూడా ఇట్టిదే. ఇద్దరి నడుమ దాదాపు ఇరవైయేడు సంవత్సరాల వయోభేదం ఉన్నా, వేదికపై వారిది సమాన ప్రతిపత్తి.

ఇక్కడ ఆలోచింపదగిన అంశం ఒకటుంది. మెక్‌లాఫ్లిన్ తన గిటారును వీణకు చేరువ చేయడానికి దానిని తొలిపించారు. శ్రీనివాస్ తన మాండలిన్‌ను గాత్రానికి చేరువ చేయడానికి దాని తీగలు మార్చారు. ఇద్దరూ వాద్యానికి లొంగలేదు. వాద్యాన్ని తమ సంగీతానికి లొంగదీసుకొన్నారు. రెండు సంగీతాల కలయికలో ఒకటి మరొకదానిని మింగివేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. శ్రీనివాస్ ఆ ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి కారణం ఆయన సంప్రదాయాన్ని విడువకపోవడమే. విదేశ వేదికలపై బృందంతో వాయించిన ఆయనే చెన్నై సభల్లో మృదంగం, ఘటం తోడుగా పూర్తి సంప్రదాయ కచేరీ చేసేవారు.

సత్కారాలు - అస్తమయం

తమిళనాడు ప్రభుత్వం ఆయనను చిన్న వయసులోనే ఆస్థాన విద్వాంసునిగా నియమించింది. 1998లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. సోదరుడు రాజేశ్‌తో పాటు పలువురు శిష్యులకు ఆయన మాండలిన్ నేర్పారు. ఎవరి వద్దా నేర్వని వాదనపద్ధతి ఆయనతో మొదలై, నేర్పదగిన సంప్రదాయంగా మారింది. తనకు లేని మార్గదర్శిని తన తరువాతివారికి తానే అయ్యారు.

కాలేయ వ్యాధికి గురైన శ్రీనివాస్ అవయవ మార్పిడి చికిత్స అనంతరం తలెత్తిన సమస్యల వల్ల 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు నలభై అయిదేళ్లు. చాలామంది విద్వాంసులకు ఆ వయసులో పరిపాకదశ మొదలవుతుంది. తొమ్మిదో ఏట కచేరీ చేసిన ఆయనకు మూడున్నర దశాబ్దాల కళాజీవితం దక్కింది. అయినా, వార్ధక్యంలో ఆ వాదనం ఎట్టి గాంభీర్యాన్ని సంతరించుకొని ఉండేదో వినే భాగ్యం శ్రోతలకు లేకపోయింది.

2023లో ‘శక్తి’ బృందం ‘దిస్ మొమెంట్’ అనే ఆల్బమ్‌ను వెలువరించింది. దానికి 2024 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారం లభించింది. అందులో మొదటి రచనకు ‘శ్రీనీస్ డ్రీమ్’, అనగా శ్రీని కల, అని పేరు పెట్టారు. తొమ్మిదేళ్ల కిందట మరణించిన సహచరుని పేరుతో ఆ బృందం తన సంగీతాన్ని ఆరంభించింది. అదే ఏడాది డిసెంబరులో జాకిర్ హుస్సేన్ కూడా దివంగతులయ్యారు.

పరభాషను, పరకళను చూసి భయపడేవారు కొందరు. వాటికి పూర్తిగా లొంగిపోయేవారు మరికొందరు. శ్రీనివాస్ జీవితం ఈ రెండింటికీ భిన్నమైన మార్గాన్ని చూపుతుంది. ఆయనకు మొదట తన సంగీతం క్షుణ్ణంగా తెలుసు. అందువల్లనే పరాయి వాద్యాన్ని నిర్భయంగా అందుకొన్నారు, పరాయి సంగీతకారుని ఎదుట నిస్సంకోచంగా కూర్చున్నారు. గిటారు నేర్వగోరే నేటి యువకుడు గిటారును విడిచిపెట్టనక్కరలేదు. తన ఊరి జముకు ఎలా పలుకుతుందో, త్యాగయ్య కీర్తన ఎక్కడ ఊపిరి తీసుకొంటుందో కూడా ఒకసారి చెవియొగ్గి వినాలి. అప్పుడు అతని చేతిలోని తీగకు తనదైన మాట దొరుకుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

తంత్రి : తీగ
నాదోపాసన : నాదాన్ని దైవంగా భావించి ఆరాధించడం
గమకం : స్వరాన్ని కదిలించి పలికించే విధానం
మనోధర్మం : కళాకారుడు అప్పటికప్పుడు చేసే కల్పన
అనునాదం : ఒక ధ్వనికి స్పందించి వెలువడే మరొక ధ్వని
వినిమయం : ఇచ్చిపుచ్చుకోవడం
ప్రతిపత్తి : గౌరవం, స్థానం
పరిపాకదశ : పరిపక్వత పొందిన స్థితి
వార్ధక్యం : ముసలితనం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కర్ణాటక సంగీతాన్ని మాండలిన్‌పై పలికించడంలో ఉన్న ఇబ్బందులేవి? శ్రీనివాస్ వాటిని అధిగమించిన తీరును వివరించండి.
2. ‘రిమెంబర్ శక్తి’ బృందంలో శ్రీనివాస్ పాత్రను విశ్లేషించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. జముకు వాద్య స్వరూపాన్ని తెల్పండి.
2. గురువుకు మాండలిన్ రాకపోవడం శ్రీనివాస్‌కు ఎలా మేలు చేసింది?
3. జాజ్ సంగీతానికి, కర్ణాటక సంగీతానికి గల పోలికను, భేదాన్ని రాయండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. శ్రీనివాస్ ఎక్కడ జన్మించారు?
2. శ్రీనివాస్ తొలి కచేరీ ఏ ఊరిలో జరిగింది?
3. రుద్రరాజు సుబ్బరాజు ఎవరి శిష్యులు?
4. శ్రీనివాస్‌కు పద్మశ్రీ ఏ సంవత్సరంలో లభించింది?

ఈ) సంధులు
నాదోపాసన = నాద + ఉపాసన - గుణసంధి
రాగాలాపన = రాగ + ఆలాపన - సవర్ణదీర్ఘసంధి
ఉత్తరాంధ్ర = ఉత్తర + ఆంధ్ర - సవర్ణదీర్ఘసంధి
పరాయిదిగా తోచలేదని = తోచలేదు + అని - ఉత్వసంధి

ఉ) సమాసాలు
తంత్రీనాదం - తంత్రి యొక్క నాదం - షష్ఠీ తత్పురుష సమాసం
కష్టసుఖాలు - కష్టమూ, సుఖమూ - ద్వంద్వ సమాసం
ఐదు తీగలు - ఐదు సంఖ్య గల తీగలు - ద్విగు సమాసం
బాలవిద్వాంసుడు - బాలుడైన విద్వాంసుడు - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం